ముదురా, లేతా? గది రంగు తేల్చుకునే పద్ధతి

ముదురు నీలం వేయాలా, లేత బూడిద రంగు వేయాలా అన్నది షేడ్ కార్డు చూసి తేల్చుకోవద్దు. కార్డులో అగ్గిపెట్టెంత ముక్కగా ఉన్న రంగు నాలుగు గోడలకూ ఎక్కితే ఇంకా చిక్కబడుతుంది. ఒక గోడ మీది వెలుగు ఎదుటి గోడ మీద పడి, అదే రంగును మళ్లీ మళ్లీ దిద్దుతుంది.

రెండింటికీ శాంపిల్ డబ్బాలు తెచ్చుకోండి. గోడ మీద నేరుగా పూసి చూస్తే పాత రంగు కంటికి అడ్డొస్తుంది. పైగా ఆ మచ్చ అంచు గట్టు కడుతుంది. గరుకు కాగితంతో రుద్దకపోతే ఆఖరి కోటు కిందనుంచి కూడా గీతలా పొడుచుకొస్తుంది. రెండడుగుల చదరపు అట్టలు రెండు చాలు. తెల్ల ప్రైమర్ ఒక కోటు, రంగు రెండు కోట్లు, రోలర్‌తోనే. కోటుకూ కోటుకూ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. ఎమల్షన్ (గోడలకు వేసే నీటి రంగు) తడిగా ఉన్నప్పటికన్నా ఆరాక సాధారణంగా కాస్త ముదురుతుంది కాబట్టి మర్నాడే చూడండి. ఒకటి మ్యాట్, ఇంకోటి మెరుపు ఫినిష్ అయితే పోలికే చెడిపోతుంది.

అందరూ పొరబడేది ఇక్కడే: రెండు అట్టలనూ ఆనించి పెట్టి చూస్తారు. నీలం పక్కన పెడితే బూడిద రంగు ఉన్నదానికన్నా తెల్లగా, పసుపు జీర పట్టినట్టు కనిపిస్తుంది. నీలం అట్టను బయటికి తీసుకెళ్లండి, ఆ జీర పోతుంది. అందుకే ముందు ఒక్కో అట్టనూ విడిగా చూడాలి. చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదిలితే మేలు.

అట్టను నేల మీద పరవకుండా గోడకు నిలబెట్టండి. కిటికీ ఎదుటి గోడ, కిటికీ ఉన్న గోడ, ఒక మూల, ఈ మూడు చోట్లా ఉదయం, మధ్యాహ్నం, దీపాలు వేశాక చూడాలి. 2700 కెల్విన్ పసుపు బల్బు కింద నీలం మసకబారుతుంది. 6500 తెల్ల బల్బు కింద అదే నీలం తేటగా ఉంటుంది. బల్బులు మార్చే ఆలోచన ఉంటే ముందే మార్చేయండి. ఫోన్ ఫొటోను మాత్రం నమ్మకండి, కెమెరా తెలుపును తనకు తోచినట్టు సర్దేస్తుంది.

షేడ్ వివరాల్లో ఎల్‌ఆర్‌వి (లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ, అంటే రంగు ఎంత వెలుగు తిప్పి పంపుతుందో చెప్పే) అంకె ఉంటే చూడండి. 12 అంటే ఆ రంగు తన మీద పడ్డ వెలుగులో 12 శాతమే తిప్పి పంపుతుంది, 65 ఉన్నది 65 శాతం. మొదటిది ఎంచుకుంటే దీపాలు పెంచుకోవాల్సి రావచ్చు.

రెండూ ఒకే గదిలో వేసేటట్టయితే చివర్లో పక్కపక్కన పెట్టండి, కానీ సగం సగం కాదు. ఒక్క గోడకే ముదురు రంగైతే ఆ అట్టను మూడొంతులు తెల్ల కాగితంతో కప్పి చూడండి. ముదురు రంగుకు మూడో కోటు పట్టవచ్చు, ఆ లెక్కన ఒకేసారి కొని, ఆ ఒక్క రంగు డబ్బాలన్నీ ఒక బకెట్లో కలిపాకే రోలర్ ముంచండి.