ఇంటి దగ్గరే మారుతి 800 ఇంజిన్ మార్చడం ఎలా? నలుగురు స్నేహితులు, ఒక చైన్ బ్లాక్

మా నాన్నగారి 1997 మోడల్ మారుతి 800 చాలాకాలంగా నీలం పొగ వదులుతూ ఉండేది. ఇంజిన్ బోరుకొచ్చిందని చూసిన ప్రతి మెకానిక్కూ చెప్పాడు. షెడ్డులో వదిలేస్తే వాళ్లే మార్చి ఇచ్చేవారు. కానీ నేను, మా బావమరిది, ఇంటర్ నుంచీ కలిసి తిరిగిన మరో ఇద్దరు స్నేహితులు, నలుగురం కలిసి మా పెరట్లో రేకుల షెడ్డు కింద రెండు శనివారాలు, రెండు ఆదివారాలు పెట్టుకుని మార్చేశాం. కాలేజీ వదిలాక మేం నలుగురం ఫోన్లు పక్కన పడేసి అంతసేపు ఒకచోట ఉన్నది అప్పుడే. ఆ సంతోషం మీకూ దక్కాలని ఇది రాస్తున్నాను.

మొదటిసారి చేసేవాళ్లకు 800 కంటే మంచి కారు దొరకదు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన కారు కాబట్టి స్పేర్ పార్టులకు ఇబ్బంది లేదు. ఇంజిన్ 796 సీసీ, మూడే సిలిండర్లు. కార్బ్యురేటర్ (గాలి, పెట్రోల్ కలిపే పాత పద్ధతి) మోడల్ అయితే వైర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే బండిలో కంప్యూటరు, సెన్సర్లు ఉంటాయి, కనెక్టర్లు ఎక్కువ. అది రెండోసారికి ఉంచుకోండి. కార్బ్యురేటర్ బండిలో ఎంపీఎఫ్ఐ ఇంజిన్ పెడదామని ఎవరైనా ఉత్సాహపడితే వద్దనండి. ఏ రకం ఇంజిన్ తీస్తున్నామో అదే రకం పెట్టాలి.

పానా పట్టే ముందు కాగితాలు

ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. ఇంజిన్ మారితే ఆ నంబరూ మారుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇది రవాణా శాఖకు తెలియకుండా చేసే పని కాదు. ముందే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి అనుమతి ఎలా తీసుకోవాలో కనుక్కోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పండి. పదిహేనేళ్లు దాటిన బండి అయితే ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో చూసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

పాత ఇంజిన్ ఎక్కడ కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా మరెక్కడైనా, బిల్లు లేకుండా తేకండి. బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయించండి, బ్లాకు మీద చెక్కిన నంబరుతో అక్కడే సరిచూడండి. చెరిపి మళ్లీ కొట్టినట్టు కనిపిస్తే అది ఎంత చవకైనా వదిలేసి వచ్చేయండి.

కొనేటప్పుడు ఆయిల్ పోసే మూత తీసి లోపల చూడండి. మజ్జిగలా తెల్లగా ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయని అర్థం. క్రాంక్ పుల్లీ నట్టుకు పానా పెట్టి చేత్తో తిప్పండి. ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. వీలైతే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పట్టుకెళ్లండి. మూడు సిలిండర్లూ దగ్గర దగ్గరగా రావాలి, ఒకదానికీ మరోదానికీ గేజ్ మీద తేడా ఒక కేజీ దాటితే నేనైతే తీసుకోను.

చోటు, సామాను

కింద గచ్చు గట్టిగా, సమంగా ఉండాలి. మట్టి నేల మీద జాకీ దిగబడుతుంది. గొలుసు లాగి బరువు పైకెత్తే చైన్ బ్లాక్, ఒక టన్ను మోసేది, అద్దెకు దొరుకుతుంది. దాన్ని ఎక్కడ వేలాడదీస్తున్నారన్నదే అన్నిటికంటే ముఖ్యం. ఇనుప దూలం ఉంటే మంచిది, లేకపోతే ముక్కాలి స్టాండు కూడా అద్దెకు తెచ్చుకోండి. చెట్టు కొమ్మకు కట్టొద్దు. రేకుల షెడ్డు పైపులకు అసలే కట్టొద్దు, అవి రేకుల బరువు మోయడానికి పెట్టినవి.

జాకీ స్టాండ్లు రెండు కావాలి. ఒక్క జాకీ మీద లేపిన కారు కింద ఎవరూ పడుకోకూడదు, ఒక్క నిమిషం పనైనా సరే. వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టండి. 8 నుంచి 19 దాకా రింగ్ పానాలు, సాకెట్ సెట్టు, ఎంత బిగించామో కొలిచి చూపే టార్క్ పానా, తుప్పు వదిలించే స్ప్రే, బకెట్ నిండా పొడి ఇసుక సిద్ధం చేసుకోండి. ఇసుక పెట్రోల్ మంట కోసం. సిగరెట్ తాగే స్నేహితుడు ఉంటే గేటు బయట తాగి రమ్మనండి.

ఇవి కాక ఒక మార్కర్, బట్టలు ఆరేసే క్లిప్పులు, పాత ఇడ్లీ ప్లేట్లు. ఇడ్లీ ప్లేటు మా అమ్మ ఇచ్చిన ఆలోచన. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు వేసుకుంటే కలవవు.

పని మొదలయ్యే ముందు మేం ఒక మాట అనుకున్నాం: విప్పినవాడే బిగించాలి. స్టార్టర్ మోటారు మా బావమరిది విప్పితే మళ్లీ బిగించేదీ అతనే. ఏ బోల్టు పొడుగు, ఏ వాషర్ ఎక్కడిది అనేది విప్పిన చేతికి గుర్తుంటుంది. పైగా ప్రతివాడికీ కారులో ‘ఇది నాది’ అనుకునే చోటు ఒకటి ఏర్పడుతుంది. ఇప్పటికీ మా బావమరిది ఆ కారెక్కి తాళం తిప్పగానే స్టార్టర్ చప్పుడు చెవిపెట్టి వింటాడు.

విప్పడం

ముందు బ్యాటరీ. నెగెటివ్ తీశాక పాజిటివ్. తర్వాత బానెట్ కీళ్ల చుట్టూ మార్కర్‌తో గీత గీసి ఇద్దరు పట్టుకుని దించండి. ఆ గీతలుంటే మళ్లీ బిగించేటప్పుడు బానెట్ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ దించాలి. అది తియ్యగా ఉండే విషం. కుక్కలు, పిల్లులు నాకేస్తాయి, అందుకని మూత ఉన్న డబ్బాలో పట్టండి. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ కూడా దించి క్యాన్లలో పోసి వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి, కాలువలో పొయ్యొద్దు. రేడియేటర్ కూడా ఇప్పుడే తీసి దూరంగా పెట్టేయండి. దాని రెక్కలకు చిన్న దెబ్బ తగిలినా వంగిపోతాయి.

ఇక వైర్లు, పైపులు. ఇక్కడ తొందరపడకండి. ప్రతిదీ ఊడదీసే ముందు ఫోటో తియ్యండి. తీశాక రెండు కొసలకూ ఒకే అంకె రాసిన టేపు చుట్టండి. పెట్రోల్ వచ్చే పైపు, తిరిగి వెళ్లే పైపు రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. వాటికి క్లిప్పు పెట్టి, కొసలు మూసి పైకి కట్టేయండి. యాక్సిలరేటర్, చోక్, క్లచ్, స్పీడోమీటర్ కేబుళ్లు, హీటర్ గొట్టాలు, ఆల్టర్నేటర్ వైరు, ఆయిల్ ప్రెషర్ స్విచ్చు వైరు, టెంపరేచర్ వైరు. చివరగా బాడీ నుంచి ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ.

సైలెన్సర్ పైపు బోల్టులకు ముందు రోజు రాత్రే స్ప్రే కొట్టి ఉంచండి. పాత బండిలో అవి తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. బలం పెడితే తల తెగి చేతికొస్తుంది. కొంచెం బిగిస్తూ, కొంచెం వదులుతూ, మధ్యలో మళ్లీ స్ప్రే కొడుతూ తియ్యాలి. మాకు రెండు బోల్టులకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఒకడు టార్చి పట్టుకుంటే ఒకడు విప్పుతుండగా, మిగతా ఇద్దరం మా లెక్చరర్ల గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం.

ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగులు ముట్టుకునే ముందే ఇంజిన్ కొక్కేలకు చైన్ తగిలించి, బరువు కొద్దిగా చైన్ మీదకు వచ్చేలా లాగండి. ఆ తర్వాత చక్రాలకు వెళ్లే డ్రైవ్ షాఫ్టులు, స్టార్టర్, గేర్ రాడ్డు తీసి, గేర్‌బాక్స్ కింద జాకీ, దాని మీద చెక్కముక్క పెట్టి చుట్టూ బోల్టులు విప్పండి. గేర్‌బాక్స్ పక్కకు జరిపి మెల్లగా కిందికి దించాలి. అది బయటికి వచ్చాక ఇంజిన్ మౌంటింగులు విప్పి, చైన్ కొద్దికొద్దిగా లాగండి.

లాగేది ఒకడే, చెప్పేదీ ఒకడే. మిగతా ఇద్దరూ చెరో పక్కన ఇంజిన్ గుద్దుకోకుండా చేత్తో ఆన్చి పట్టుకోవాలి. వేలాడే ఇంజిన్ కింద చెయ్యి గానీ కాలు గానీ ఉండకూడదు. పిల్లలను దూరంగా ఉంచండి. ఎక్కడైనా ఆగిపోతే గట్టిగా లాగకండి, ఏదో ఒక వైరు ఇంకా తగులుకునే ఉంటుంది. మాకు టెంపరేచర్ వైరు అలాగే మిగిలిపోయింది. ‘ఒరేయ్ ఆగరా, ఆగు!’ అని మావాడు అరవబట్టి అది తెగలేదు.

పైకి వచ్చేసిన ఇంజిన్‌ను చూసి మేం నలుగురం కాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో అందరినీ ఇన్నేళ్లు పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, తిరుపతికి తిప్పిన ఇంజిన్ అది. మా నాన్నగారు వచ్చి దాని మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయారు.

కొత్తది పెట్టే ముందు

ఇంజిన్ బయట ఉన్నప్పుడే కొన్ని మార్చేయాలి: టైమింగ్ బెల్టు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, మౌంటింగు రబ్బర్లు. విడిగా చూస్తే ఖర్చనిపిస్తుంది. కానీ ఆ వెనక సీలు తర్వాత కారితే మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే. టైమింగ్ బెల్టు గుర్తులు కలిశాక చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూడండి. ఫ్లైవీలు, క్లచ్ కవర్ బోల్టులు సర్వీస్ మాన్యువల్లో ఉన్న కొలతకు టార్క్ పానాతోనే బిగించండి.

క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో ఉండాలి. పాత గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు ఒకటి దొరికితే దాన్ని ప్లేటులోంచి దూర్చి, మధ్యకు సర్ది, అప్పుడు కవర్ బిగించండి. మాకు అది లేక గుండ్రటి కర్రకు టేపు చుట్టి సరిపెట్టుకున్నాం.

గేర్‌బాక్స్ కలపడం

మొత్తం పనిలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇది. ఇంజిన్ దించి మౌంటింగుల మీద కూర్చోబెట్టాక, చైన్ అలాగే ఉంచి, గేర్‌బాక్స్‌ను కింద నుంచి జాకీ మీద పైకి తేవాలి. గేర్‌బాక్స్ షాఫ్టు మీద సన్నని పళ్లుంటాయి. అవి క్లచ్ ప్లేటు నడుమ ఉన్న పళ్లలోకి దూరాలి. కంటికి ఏమీ కనపడదు. చేతులకే తెలియాలి.

ఒకడు కింద గేర్‌బాక్స్ పట్టుకుని ఎత్తు సరిచూస్తాడు. ఒకడు జాకీ మీద ఉంటాడు, ‘ఒక్క నొక్కు’ అంటే ఒక్క నొక్కే నొక్కాలి. మూడోవాడు ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందో లేదో టార్చి వేసి చూస్తాడు. నాలుగోవాడు అవతలి పక్క క్రాంక్ పుల్లీకి పానా పెట్టి వెంట్రుకవాసి తిప్పుతాడు. సందు పైన తక్కువగా, కింద ఎక్కువగా ఉంటే గేర్‌బాక్స్ వంగి ఉన్నట్టు. సరిచేసి మళ్లీ ప్రయత్నించాలి. ఓపిక నశించి, చివరి అంగుళం బోల్టులు బిగించి దగ్గరికి లాగేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మాలో నేనే అన్నాను. అలా లాగితే క్లచ్ ప్లేటు వంగుతుంది, గేర్‌బాక్స్ చెవి (బోల్టు పట్టే చోటు) విరుగుతుంది. మావాడు నా చేతిలోంచి పానా తీసుకుని, ‘టీ తాగొద్దాం పదరా’ అన్నాడు.

టీ తాగి వచ్చాక మూడో ప్రయత్నంలో పుల్లీ అలా కదిలిందో లేదో, షాఫ్టు జారి లోపలికి వెళ్లిపోయింది. టక్ అని చిన్న చప్పుడు. సందు మూసుకుపోయింది. కింద పడుకున్న మా బావమరిది ‘బావా, కూర్చుంది!’ అని వేసిన కేకకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. నలుగురి చేతులూ ఒకే లెక్కలో కదిలితేనే ఆ టక్‌మనే చప్పుడు వస్తుంది. ఒక్కడు ఎంత పనివాడైనా ఒంటరిగా వింటే దానికి అంత రుచి ఉండదు.

తర్వాతదంతా విప్పినదానికి తిరగేసి బిగించుకుంటూ పోవడమే. ఫోటోలు, అంకెలు, ఇడ్లీ ప్లేట్లు చూసుకుంటే తప్పు జరగదు.

స్టార్ట్ చేయడం

ఆయిల్ పొయ్యండి, డిప్ స్టిక్ గీత చూసుకోండి. గేర్ ఆయిల్ మర్చిపోకండి. కూలెంట్ నింపండి. ప్లగ్గు వైర్లు 1-3-2 వరసలో (సిలిండర్లలో నిప్పురవ్వ పడే వరస) ఉన్నాయో లేదో చూడండి. ప్లగ్గులు తీసి, కాయిల్ వైరు ఊడదీసి, ఆయిల్ లైటు ఆరిపోయే దాకా కొద్దికొద్దిగా క్రాంక్ చేయండి. అప్పుడు బేరింగులకు ఆయిల్ అందుతుంది.

మాకు మొదట క్రాంక్ సరిగ్గా తిరగలేదు. స్టార్టర్ మూలిగింది, యాక్సిలరేటర్ కేబుల్ వేడెక్కింది. ఎర్త్ పట్టీ బిగించలేదు. కరెంటు దారి లేక కేబుల్ మీదుగా వెళ్తోంది. మీకు ఏ కేబుల్ వేడెక్కినా వెంటనే ఆపి ఎర్త్ చూడండి.

ప్లగ్గులు, వైర్లు పెట్టేశాక చోక్ లాగి తాళం తిప్పండి. కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్ చేరడానికి కొంచెంసేపు పడుతుంది. పది సెకన్లు తిప్పడం, ఆపడం, మళ్లీ తిప్పడం. మాది నాలుగోసారికి దగ్గింది, ఐదోసారికి అందుకుంది. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరాలి, ఆరకపోతే ఆపేయండి. హీటర్ వేడి వైపు పెట్టి, చల్లని ఇంజిన్ మీదే రేడియేటర్ మూత తీసి, గాలి బుడగలు పోయేదాకా కూలెంట్ కలుపుతూ ఉండండి. మూత పెట్టేశాక రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరిగేదాకా ఆపొద్దు. వేడెక్కాక మళ్లీ మూత తియ్యొద్దు. పెట్రోల్ వాసన వస్తోందా, ఎక్కడైనా తడి ఉందా అని ఒక్కొక్కరూ ఒక్కో మూల చూడండి.

మొదట వీధి చివరి దాకా, తర్వాత కిలోమీటరు. మొదటి 500 కిలోమీటర్లు తొక్కకుండా నడిపి, అప్పుడు ఆయిల్, ఫిల్టర్ మార్చి, మౌంటింగు బోల్టులు మళ్లీ ఒకసారి చూసుకోండి. కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కే పని కూడా ఇంజిన్ మార్చిన వారంలోనే పెట్టుకోండి.

చేతులకు పట్టిన మడ్డికి ముందు కొబ్బరినూనె రుద్ది, తర్వాత బట్టల సబ్బుపొడి. మొదటిసారి స్టార్ట్ చేసిన రాత్రి ఇంజిన్ కింద ఒక పెద్ద అట్ట పరచండి, ఏదైనా కారితే దాని మీద తెలుస్తుంది. మర్నాడు పొద్దున్నే మావాళ్లు ముగ్గురూ ఆఫీసులకు వెళ్లే ముందు మా ఇంటికే వచ్చారు. నలుగురం మోకాళ్ల మీద కూర్చుని అట్ట బయటికి లాగి చూశాం. పొడిగా ఉంది.