కొటీల్ ఎస్టేట్ కాటేజీలో దిగే ముందు జాగ్రత్తలు

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, టేమర్ నది ఒడ్డున ఉన్న కొటీల్ అనే పాత ఎస్టేట్ 1947 నుంచి, చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చేతిలో ఉంది. ఆ ఎస్టేట్ కాటేజీల్లో సెలవులు గడపబోయేవాళ్లు ఇవి చూసుకోండి.

• నది పోటు: అన్నిటికన్నా ముఖ్యం ఇదే. సముద్రం దూరంగానే ఉన్నా ఇక్కడ నీరు రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కువ. అదీ ఉదయం, సాయంత్రం వేళల్లోనే వస్తుంది. ఆ రోజుల్లో రేవు అంచున కారు వదలకండి. నది దిగువన ఉన్న డెవన్‌పోర్ట్ రేవు పోటు వేళల పట్టిక చూడండి. అది జీఎంటీలో (బ్రిటన్ చలికాలపు సమయంలో) ఉంటే వేసవిలో ఒక గంట కలపాలి. ఇక్కడ పోటు అక్కడికన్నా కాస్త ఆలస్యం.

• ఆటు సమయంలో బయటపడే బురద గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే దిగబడుతుంది. పిల్లల్ని అటు పోనివ్వకండి.

• దారి: సందులు ఇరుకు, ఎదురు బండి వస్తే వెనక్కి నడపాల్సిందే. పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకోవద్దు. ఫోన్ సిగ్నల్ నమ్ముకోలేం కాబట్టి మ్యాప్, తాళాల వివరాలు ముందే ఫోన్‌లోకి దింపుకోండి. రైలుకైతే కాల్‌స్టాక్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి నడక, ఎత్తుపల్లాలు ఎక్కువ.

• వంట: పోపు పెట్టేముందు కిటికీ తెరవండి, లేదంటే పొగ అలారం మోగుతుంది. దాన్ని మాత్రం ఊడదీయొద్దు. పాత ఇళ్లలో కలప ఎక్కువ. పప్పులు, మసాలాలు దగ్గర్లోని ప్లిమత్ నగరంలోనే కొనుక్కోండి.

• అడవి బాటల్లో నిండు ప్యాంటు వేసుకుని, తిరిగొచ్చాక పిడుదులు పట్టాయేమో చూసుకోండి.