రోడ్ బైక్ డిస్క్ బ్రేక్ ప్యాడ్లు ఎలా మార్చాలి? బెడ్-ఇన్ మాత్రం ఎగ్గొట్టకండి

డిస్క్ బ్రేకుల రోడ్ బైక్ కొని ఏడాది తిరక్కుండానే "ఇవి వేస్ట్ అన్నా, పాత రిమ్ బ్రేకులే నయం" అనేవాళ్లు ప్రతి సైక్లింగ్ గ్రూపులోనూ ఉంటారు. సంగతేంటని అడిగితే ఎప్పుడూ అవే ఫిర్యాదులు: కీచుమంటున్నాయి, సరిగా పట్టట్లేదు, ఎక్కడో ఒరుసుకుంటున్నాయి. బైక్ తీసుకుని చూస్తే చాలాసార్లు బ్రేకులో ఏ లోపమూ ఉండదు. కొత్త ప్యాడ్లు వేసుకుని, మర్నాడు పొద్దున్నే నేరుగా రైడ్‌కి వెళ్లిపోయి ఉంటారు. ప్యాడ్ బిగించినంత మాత్రాన బ్రేక్ తయారైపోదు, దాన్ని బెడ్-ఇన్ చేయాలి, అంటే పదేపదే బ్రేక్ వేసి కొత్త ప్యాడ్ డిస్కుతో కుదురుకునేలా చేయాలి. ప్యాడ్లు మార్చడం పావుగంట పని, బెడ్-ఇన్ అరగంట పని. జనం పావుగంట పనికి పది వీడియోలు చూసి అరగంట పనిని వదిలేస్తారు.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. అలెన్ కీల సెట్టు, చిన్న స్క్రూడ్రైవరు, నోస్ ప్లయరు, ప్లాస్టిక్ టైర్ లివర్, ఉతికిన కాటన్ గుడ్డ, చేతికి గ్లౌజులు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. చివరిది మెడికల్ షాపులోనో ఆన్‌లైన్లోనో దొరుకుతుంది. దానికి బదులు శానిటైజర్ జెల్ వాడొద్దు, అందులో చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్ కలుపుతారు. నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా వద్దు.

ప్యాడ్లు రెసిన్‌వే (జిగురుతో కలిపి చేసినవి) కొనండి. మెటల్ ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, వానలో, బురదలో తొందరగా అరగవు, వేడినీ బాగా తట్టుకుంటాయి, అదంతా నిజమే. కానీ గోల ఎక్కువ, కుదురుకోవడానికి టైం ఎక్కువ. తారు రోడ్డు మీద తొక్కే రోడ్ బైక్‌కి రెసిన్ చాలు, ఇందులో చర్చ లేదు. పైగా చవక రోటర్లలో (ప్యాడ్లు పట్టుకునే ఉక్కు డిస్కునే రోటర్ అంటారు) కొన్నిటి మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని ముద్ర వేసి ఉంటుంది, మెటల్ వేస్తే రోటరే అరిగిపోతుంది. ఏ ఆకారం కొనాలో సందేహం ఉంటే పాత ప్యాడ్ వెనక రేకు మీదున్న కోడ్ చూసి అదే తెచ్చుకోండి.

ఎప్పుడు మార్చాలంటే, బ్రేకుల కంపెనీ షిమానో లెక్క ప్రకారం ప్యాడ్ మెటీరియల్ 0.5 మి.మీ.కి దిగితే. రోటర్ కూడా చూసుకోండి. కొత్తది 1.8 మి.మీ. మందం ఉంటుంది, 1.5కి వస్తే అది కూడా మార్చాల్సిందే.

1. చక్రం తీయండి. బైక్‌ని తలకిందులుగా పెట్టకండి. హైడ్రాలిక్ (ఆయిల్‌తో పనిచేసే) బ్రేక్ లివర్‌లో ఉన్న గాలి బుడగలు గొట్టంలోకి చేరతాయి. స్టాండు లేకపోతే సీటు ఏదైనా కొక్కేనికి తగిలించండి. చక్రం లేనప్పుడు లివర్ నొక్కొద్దు, ఇంట్లో పిల్లలుంటే వాళ్లని కూడా ఆ చుట్టుపక్కలకి రానివ్వొద్దు.

2. పిస్టన్లను (ప్యాడ్లని రోటర్ మీదకి నెట్టే బిళ్లల్ని) వెనక్కి నెట్టండి. పాత ప్యాడ్లు లోపల ఉండగానే నెట్టాలి, తీసేశాక కాదు. రెండు ప్యాడ్ల మధ్య టైర్ లివర్ దూర్చి ఒక పక్కకి, తర్వాత రెండో పక్కకి మెల్లగా తోయండి. ప్యాడ్లు తీసేసి స్క్రూడ్రైవరుతో పిస్టన్‌ని పొడిచేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. చాలా మోడళ్లలో అది సిరామిక్ పిస్టన్, అంచు పెచ్చు ఊడిందంటే క్యాలిపర్ (ప్యాడ్లు, పిస్టన్లు ఉండే భాగం) మొత్తం మార్చుకోవాలి.

3. పాతవి తీసి కొత్తవి పెట్టండి. పిన్ను చివర చిన్న క్లిప్పు ఉంటుంది. ప్లయరుతో లాగగానే ఎగిరి ఏ మంచం కిందకో పోతుంది, అందుకే లాగేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టండి. పిన్ను విప్పితే ప్యాడ్లు, మధ్యలో స్ప్రింగు కలిసి బయటికి వస్తాయి. కొత్త ప్యాడ్ల మధ్య స్ప్రింగు పెట్టి అలాగే లోపలికి తోయండి. ప్యాడ్ ముఖం మీద వేలు పెట్టకండి. పిన్ను వేళ్లతో బిగించినంత బిగిస్తే చాలు, ఆగమాగం చేసి మరను చెడగొట్టొద్దు. క్లిప్పు మర్చిపోవద్దు.

4. రోటర్ తుడిచి చక్రం వేయండి. గుడ్డకి ఆల్కహాల్ పట్టించి రెండు వైపులా తుడవండి, గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా. చక్రం వేసి, యాక్సిల్ బిగించి, లివర్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు నొక్కండి.

5. క్యాలిపర్‌ని మధ్యకి తెండి. క్యాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకుని బిగించేయమని అందరూ చెప్తారు. పిస్టన్లు రెండూ సమానంగా కదిలితేనే ఆ పద్ధతి పనిచేస్తుంది, కొంచెం వాడిన బ్రేకులో అలా కదలవు. కంటితో చూసి చేయడమే మేలు. కింద తెల్ల కాగితం పరిచి, పైనుంచి ఒక కన్ను మూసి చూస్తే రోటర్‌కి అటూ ఇటూ రెండు సన్నని తెల్ల గీతలు కనిపిస్తాయి. రెండూ ఒకే మందంలో ఉండేలా క్యాలిపర్‌ని జరిపి, రెండు బోల్టుల్నీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. షిమానో ఫ్లాట్ మౌంట్‌కైతే (క్యాలిపర్ నేరుగా ఫ్రేముకి ఆనుకుని ఉండే రకం) బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు.

డెకాథ్లాన్ ట్రైబన్ ఆర్‌సీ 520 లాంటి బైకుల్లో వచ్చిన హైరోడ్ క్యాలిపర్లకి ఒక చిక్కుంది. లివర్ నుంచి క్యాలిపర్ దాకా కేబులు, క్యాలిపర్ లోపల ఆయిల్. ప్యాడ్ అరిగి లివర్ లోపలికి పోతోందని జనం కేబుల్ బిగిస్తారు. కేబుల్ క్యాలిపర్ మీదున్న చేతిని (కేబుల్ లాగే మీటని) కొంచెం లాగి పట్టినా లోపల ఆయిల్ దారి తెరుచుకోదు, ప్యాడ్ అరుగుదలని బ్రేక్ తనంతట తాను సర్దుకోలేదు. లివర్ వదిలేసినప్పుడు ఆ చెయ్యి పూర్తిగా వెనక్కి రావాలి.

6. బెడ్-ఇన్. ఇదే మీరు జాగ్రత్తగా చదవాల్సింది.

కొత్త ప్యాడ్, తుడిచిన రోటర్, ఈ రెంటినీ కలిపి నొక్కితే ఘర్షణ బాగా వస్తుందని అనుకుంటాం. రాదు. బ్రేక్ గట్టిగా పట్టాలంటే ప్యాడ్ మెటీరియల్ వేడికి కొద్దిగా కరిగి రోటర్ మీద సన్నని పొరలా పరుచుకోవాలి. ఆ తర్వాత ప్యాడ్ పట్టుకునేది ఉత్తి ఉక్కుని కాదు, ఆ పొరని. కొత్త పెనం మీద మొదటి దోసెలు ఎలా వస్తాయో తెలుసు కదా, ఇదీ అంతే. పొర సమానంగా పరుచుకోకుండా అక్కడ మందంగా, ఇక్కడ పలచగా పడితే లివర్ నొక్కినప్పుడల్లా చేతికి కొట్టుకున్నట్టు తెలుస్తుంది, కీచుమంటుంది.

ముందు చోటు. బండ్లు తిరగని, వాలు లేని, పొడిగా ఉన్న రోడ్డు కావాలి. హైదరాబాద్‌లో ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ పైకప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, బాగుంటుంది, కానీ బెడ్-ఇన్ అక్కడ చేయకండి. వెనక చక్రం అంటుకుని వచ్చేవాడికి మీరు మాటిమాటికి ఎందుకు బ్రేక్ వేస్తున్నారో తెలీదు, వచ్చి గుద్దుతాడు. కాలనీలో పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు చాలు.

ముందు బ్రేక్ విడిగా, వెనక బ్రేక్ విడిగా చేయండి. రెండూ ఒకేసారి నొక్కితే పని త్వరగా అవుతుందని కొందరంటారు, అవుతుంది, కానీ ఏది ఎంత కుదురుకుందో మీకు తెలియదు. గంటకి 25 కిలోమీటర్ల వేగం అందుకోండి. తొక్కడం ఆపి, ఒళ్లు కొంచెం వెనక్కి జరిపి, ఒక్క బ్రేక్‌నే గట్టిగా, ఒకే ఒత్తిడితో నొక్కండి. నడక వేగానికి రాగానే వదిలేయండి. మళ్లీ తొక్కండి. ఇలా 20 సార్లు. తర్వాత 30, 35 వేగం నుంచి ఇంకాస్త గట్టిగా మరో 10 సార్లు. చక్రం జారకూడదు, ముఖ్యంగా వెనకది. జారిందంటే రోటర్ తిరగడం ఆగిపోయింది, మెటీరియల్ ఒకే చోట అంటుకుంటుంది.

పూర్తిగా ఆగొద్దు అనేది కూడా ఇందుకే. వేడెక్కిన ప్యాడ్ ఆగి ఉన్న రోటర్‌ని పట్టుకుని కూర్చుంటే ఆ ఆకారంలో మచ్చ పడుతుంది, ఇక చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ మచ్చ దగ్గర బ్రేక్ ఒక పట్టు పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగాల్సి వచ్చే రోడ్డు మీద ఈ పని పెట్టుకోవద్దని చెప్పేది అందుకే.

భయపడి మెత్తమెత్తగా నొక్కడం ఇంకో తప్పు, అన్నిటికంటే ఎక్కువమంది చేసేది ఇదే. మెత్తగా నొక్కి చాలాసేపు ఈడిస్తే ప్యాడ్ వేడెక్కుతుంది కానీ మెటీరియల్ సరిగా అంటదు. ప్యాడ్ ముఖం గాజులా నున్నగా తయారవుతుంది. దానికి రోటర్ అంటే లెక్కే ఉండదు, ఎంత నొక్కినా జారుతుంది. శనివారం రాత్రి ప్యాడ్లు వేసుకుని ఆదివారం పొద్దున్నే అనంతగిరికో, హార్స్‌లీ హిల్స్‌కో వెళ్లేవాళ్లకి జరిగేది కచ్చితంగా ఇది. ఎక్కేటప్పుడు బ్రేక్ అవసరమే పడదు. మొదటిసారి గట్టిగా నొక్కేది దిగేటప్పుడు, మలుపు ముందు, అదీ అరచేతులకి చెమట పట్టాక. కొండ దిగడంలోనే బెడ్-ఇన్ అయిపోతుందిలే అనేవాళ్లకి నేనేం చెప్పను, హెల్మెట్ బకిల్ సరిచూసుకోమని తప్ప.

సరిగా చేస్తున్నారో లేదో బ్రేకే చెప్తుంది. మొదటి నాలుగైదు సార్లు ఏదో రుద్దుకుంటున్నట్టు ఉంటుంది తప్ప బండి ఆగినట్టుండదు. ఏడెనిమిది దాటాక పట్టు మొదలవుతుంది, పదిహేనుకి వచ్చేసరికి అంతే ఒత్తిడికి చాలా ముందే వేగం పడిపోతుంది. కాస్త కాలిన వాసన వస్తుంది, కంగారు పడొద్దు. అయ్యాక వంగి రోటర్ చూడండి. మెరిసే ఉక్కు రంగు పోయి ప్యాడ్ తగిలే మేర మసకబారిన బూడిదరంగు పట్టీ చుట్టూ ఒకేలా కనిపించాలి. మధ్యమధ్యలో మచ్చలుంటే ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ మొదట్నుంచి చేయాలి. పని అయ్యాక బ్రేక్ వేయకుండా నాలుగైదు నిమిషాలు మెల్లగా తొక్కి చల్లారనివ్వండి, బాటిల్లో నీళ్లు రోటర్ మీద పోయకండి. వేలితో ముట్టుకోకండి కూడా, కాలుతుంది.

ఇంత తతంగం అవసరమా, రిమ్ బ్రేక్‌కి ఇవేమీ లేవు కదా అంటారు. లేవు, ఒప్పుకుంటా. వానలో రిమ్ బ్రేక్ పట్టేలోపు బండి ఎంత దూరం పోతుందో, కార్బన్ రిమ్ముతో పొడవాటి దిగుడు దిగితే ఎంత వేడెక్కుతుందో కూడా ఒప్పుకోండి మరి. రేసింగ్ లోకం కూడా చాలాకాలం మొరాయించింది. 2016 పారిస్-రూబే రేసులో ఫ్రాన్సిస్కో వెంతోసో కాలికి గాయమైతే, డిస్క్ కోసిందని అతను చెప్పడంతో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ డిస్క్ బ్రేకుల ట్రయల్స్ ఆపేసింది. రోటర్ అంచులు గుండ్రంగా చేసి 2017లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఏడాదే టూర్ ద ఫ్రాన్స్‌లో మార్సెల్ కిట్టెల్ డిస్కుల మీద స్టేజి గెలిచాడు, 2018 జూలైలో అధికారికంగా అనుమతి వచ్చేసింది. 2019లో ఎగాన్ బెర్నాల్ రిమ్ బ్రేకులతోనే టూర్ గెలిచాడని రిమ్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అతని కాళ్లు మీకుంటే మీరూ అవే వాడండి.

బెడ్-ఇన్ సరిగా చేశాక కూడా కీచుమంటుంటే దాదాపు ఎప్పుడూ నూనె అంటి ఉంటుంది. చైన్‌కి స్ప్రే కొట్టేటప్పుడు తుంపర్లు వెనక రోటర్ మీద పడతాయి, అందుకే స్ప్రే మానేసి చుక్కలు వేసే లూబ్ వాడండి. అంతకంటే ప్రమాదం బైక్ వాటర్ సర్వీసింగ్ షెడ్లు. కుర్రాడు మోటర్ సైకిల్‌కి కొట్టినట్టే మన బైక్‌కీ డీజిల్ కొట్టి, ఆఖర్న మెరవడానికి పాలిష్ కూడా చల్లుతాడు. పైకి తళతళలాడుతుంది, మొదటి మలుపులో బ్రేక్ ఉండదు. నూనె పీల్చిన రెసిన్ ప్యాడ్‌ని గ్యాస్ స్టవ్ మీద కాల్చి వాడుకోవచ్చని చిట్కాలు తిరుగుతుంటాయి. చేయొద్దు. మెటీరియల్‌ని పట్టి ఉంచే జిగురే కాలిపోతుంది. ఆ ప్యాడ్లు పారేసి, రోటర్ తుడిచి, కొత్తవి వేసి, మళ్లీ ఆ 30 సార్లూ.

లివర్ స్పాంజిలా మెత్తగా ఉండి హ్యాండిల్ బార్ దాకా వస్తుంటే అది ప్యాడ్ల సంగతి కాదు, లోపల గాలి ఉంది, బ్లీడ్ చేయించాలి, అంటే ఆయిల్ పోసి ఆ గాలి బయటికి తీయించాలి. చేసేవాడికి ఏ ఆయిల్ పోయాలో తెలుసో లేదో ముందే అడగండి. షిమానోకి మినరల్ ఆయిల్, స్రామ్ రోడ్ బ్రేకులకి డాట్ ఫ్లూయిడ్. ఒకదాంట్లో ఒకటి పోస్తే సీళ్లు ఉబ్బి బ్రేక్ మొత్తం పోతుంది.

తీసిన పాత ప్యాడ్లలో ఇంకా మెటీరియల్ మిగిలి ఉంటే పారేయకండి. ముందువో వెనకవో రాసి జిప్ కవర్లో పెట్టి సీటు కింద బ్యాగులో పడేయండి, 200 కిలోమీటర్ల బ్రెవేలో (గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్‌లో) వాన పడి ప్యాడ్లు కరిగిపోతే ఇంటిదాకా అవే తీసుకొస్తాయి. ఆ రోటర్‌తో ఇదివరకే కుదురుకున్నవి కాబట్టి రోడ్డు పక్కన వేసుకున్నా నాలుగైదు గట్టి బ్రేకులకే పట్టేస్తాయి.