చిన్న కెమెరాలో ఫ్లాష్ ఆటోలో వదిలెయ్యకండి, ఇలా వాడండి

బీరువాలో పడున్న పాత డిజిటల్ కెమెరాలు ఈ మధ్య పిల్లలు మళ్ళీ బయటికి తీస్తున్నారు, ఆ ఫ్లాష్ కొట్టిన లుక్కే కావాలంట. మా చెల్లెలి కూతురు కూడా నాది పట్టుకుపోయి రెండ్రోజులకి తిరిగొచ్చింది, "మామయ్యా, అందరూ దెయ్యాల్లా పడుతున్నారు" అని. చూస్తే ఫ్లాష్ ఆటోలో ఉంది. ఆటో అంటే వెలుతురు తక్కువుంటే వెలుగుతుంది, ఎక్కువుంటే వెలగదు, అంతే, ఎదురుగా మనిషున్నాడా గోడుందా దానికి పెద్దగా పట్టదు. మనకి ఫ్లాష్ బాగా పనికొచ్చేదేమో మిట్టమధ్యాహ్నం ఎండలో, అప్పుడది నోరెత్తదు.

ముందు బటన్ ఎక్కడుందో చూస్కోండి. వెనకాల నాలుగు వైపులా నొక్కే గుండ్రటి బటన్ ఉంటుంది కదా, చాలా కెమెరాల్లో దాని కుడివైపు మెరుపు గుర్తు ఉంటుంది. నొక్కుతూ పోతే ఆటో, ఆన్, ఆఫ్, స్లో సింక్ (దీని సంగతి కింద చెప్తాను) వస్తాయి. ఫుల్ ఆటో మోడ్‌లో ఇవన్నీ చూపించకపోతే పి (ప్రోగ్రామ్) మోడ్‌కి మార్చండి.

ఎండలో ఫ్లాష్ బాగా పనికొస్తుంది అన్నాను కదా, ఎందుకంటే నెత్తిమీద ఎండ పడితే కళ్ళ కింద గుంటలు నల్లగా వస్తాయి, సూర్యుడు వెనకుంటే మొహమే కనపడదు. ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి ఫ్లాష్ ఆన్ చేసి తీస్తే ఆ నీడలు తేలికవుతాయి, వెనక ఆకాశం కూడా తెల్లగా పాలిపోకుండా ఉంటుంది. ఎండలో ఫ్లాష్ ఏంటి పిచ్చా అని పక్కవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

ఇంక దూరం సంగతి, అసలు కథంతా ఇక్కడే ఉంది. ఈ బుల్లి ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి పెద్దగా పోదు. దూరం రెట్టింపైతే వెలుతురు సగం అవుతుందనుకుంటాం, కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది, మూడు రెట్లయితే తొమ్మిదో వంతే. స్కూల్ యానివర్సరీలో పదో వరసలో కూర్చుని స్టేజీ మీద పిల్లకి ఫ్లాష్ కొడితే వెలిగేది ముందు కూర్చున్నాయన బట్టతల ఒక్కటే. అక్కడ ఆఫ్ చేసి ఐఎస్ఓ (తక్కువ వెలుతుర్ని కూడా కెమెరా పట్టుకునేలా చేసే సెట్టింగ్) పెంచి చేతులు కుర్చీకి ఆనించి తియ్యండి. జూమ్ చేస్తే ఇంకా కష్టం, చాలా చిన్న కెమెరాల్లో లెన్స్ రంధ్రం అంకె (అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) మామూలుగా 2.8 దగ్గరుండేది ఫుల్ జూమ్‌లో 5.6 దాకా పోతుంది, అంటే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతే, నాలుగు మీటర్లు అందే ఫ్లాష్ రెండు మీటర్లకే అయిపోతుంది. ఐఎస్ఓ 100 నుంచి 400 చేస్తే ఆ దూరం మళ్ళీ వెనక్కొస్తుంది, కాకపోతే ఫొటోలో ఇసక చల్లినట్టు కొంచెం గింజలు కనిపిస్తాయి.

గ్రూప్ ఫొటోలో ముందువాళ్ళు సున్నం కొట్టినట్టు, వెనకవాళ్ళు చీకట్లో పడేది కూడా ఈ లెక్క వల్లే. అందర్నీ ఒకే దూరం వచ్చేలా కొంచెం వంపుగా నిలబెట్టండి, మీరు రెండడుగులు వెనక్కి జరగండి.

పెళ్ళిలో తలంబ్రాలప్పుడు మాత్రం ఫ్లాష్ భలే ఉంటుంది. ఆ మెరుపు రెప్పపాటులో వందో వంతు కూడా ఉండదు, గాల్లో ఎగిరిన బియ్యం ఎక్కడివక్కడ ఆగిపోయినట్టు పడతాయి. కానీ మీరు మరీ పక్కనే నించుంటే లెన్స్ ముందు ఎగిరే గింజలు తెల్ల బంతుల్లా వచ్చి పెళ్ళికూతురి మొహం మీదే పడతాయి, నాకు ఒకసారి పదిహేను ఫొటోలు అలాగే పోయాయి, మా అత్త ఇప్పటికీ దెప్పుతుంది. వాళ్ళకి ఒక పక్కగా, రెండు మీటర్ల దూరంలో ఉండండి. చెమట పట్టిన మొహాలు, జరీ, బంగారం మెరిసిపోతుంటే మెనూలో ఫ్లాష్ ఎక్స్‌పోజర్ అని ఉంటే మైనస్ 1 దాకా తగ్గించండి, అది లేకపోతే ఫ్లాష్ మీద ఒక పొర తెల్ల టిష్యూ అంటించినా వెలుగు తగ్గుతుంది.

రిసెప్షన్‌లో వెనక సీరియల్ లైట్లు కూడా పడాలంటే స్లో సింక్ పెట్టండి. ఫ్లాష్ మనిషిని పట్టుకుంటుంది, షటర్ ఇంకాసేపు తెరుచుకునుండి వెనక లైట్లని లాక్కుంటుంది. కెమెరాని బల్ల మీదో స్తంభానికో ఆనించాలి, ఎదుటివాళ్ళకి "మెరిశాక కూడా కదలకండి" అని చెప్పాలి, లేకపోతే ఒక మనిషికి రెండు నీడలొస్తాయి. దీపావళి ప్రమిదలకి మాత్రం ఫ్లాష్ ఆఫ్, ఫ్లాష్ పడితే ఆ దీపం వెలుగే కనపడకుండా పోతుంది.

కళ్ళు ఎర్రగా రావడం లెన్స్ పక్కనే ఫ్లాష్ ఉండటం వల్ల, వెలుగు కంటి వెనక రక్తనాళాలున్న పొరకి తగిలి తిన్నగా వెనక్కొస్తుంది. రెడ్ ఐ సెట్టింగ్ ముందు ఒకసారి మెరిపించి కంటిపాపని చిన్నది చేస్తుంది, కానీ ఆ మొదటి మెరుపుకే ఫొటో అయిపోయిందనుకుని జనం లేచి వెళ్ళిపోతారు, నాకైతే చిరాకు. గదిలో లైట్లన్నీ వేసి, కెమెరా వైపు కాకుండా మీ భుజం వైపు చూడమనండి, చాలావరకు పోతుంది.

దేవుడి పటాలకి, అద్దాల బీరువాలకి ఎదురుగా నిలబడి కొట్టకండి, పక్కనుంచి ఏటవాలుగా తియ్యండి. పువ్వుల్లాంటివి మరీ దగ్గరగా తీస్తే ముందుకొచ్చిన లెన్స్ నీడ కింద అర్ధచంద్రాకారంలో పడుతుంది, అలాంటప్పుడు మీటరు వెనక్కెళ్ళి కొంచెం జూమ్ చేస్కోండి.

ఇంకోటి, ఒకటి కొట్టగానే వెంటనే ఇంకోటి నొక్కితే కెమెరా పలకదు, పాడైందని కంగారు పడకండి, ఫ్లాష్ లోపల మళ్ళీ ఛార్జ్ అవుతోంది, ఆ చిన్న నారింజ లైటు మిణుకుమనడం ఆగేదాకా ఆగండి. బ్యాటరీ తగ్గేకొద్దీ ఆ ఆగడం ఎక్కువవుతుంది, పెళ్ళికెళ్తే ఇంకో బ్యాటరీ ఫుల్ చేసి జేబులో పడేస్కోండి. అన్నట్టు ఎడమచేతి వేలు ఎక్కడుందో కూడా చూస్కోండి, చాలా చిన్న కెమెరాల్లో ఫ్లాష్ సరిగ్గా ఆ వేలి కిందే ఉంటుంది.