ఆషాఢంలో గోల్కొండ కోట ఎక్కేవారికి జాగ్రత్తలు

అంచుల దగ్గరికి వెళ్లకండి. చాలాచోట్ల పిట్టగోడల్లేవు, వాన పడితే నున్నటి నల్లరాయి, నాచు పట్టిన మెట్లు జారతాయి. గోడెక్కి సెల్ఫీ అసలే వద్దు. పైన పట్టు దొరికే చోటుండదు, జారితే ప్రాణానికే ముప్పు.

ఉరుము వినబడితే వెంటనే దిగడం మొదలుపెట్టండి. కొండ కొసనున్న బారాదరి (పాత దర్బారు మండపం) చుట్టూ అంతా బట్టబయలు.

శిథిలాల్లోని చీకటి గదుల్లోకి దూరకండి. గబ్బిలాలుంటాయి, పాములుండొచ్చు. నానిన పాత సున్నపు గోడలకు ఆనుకోకండి.

బోనాలు గురు, ఆదివారాల్లో జరుగుతాయి. కోటలోని జగదాంబ అమ్మవారి దర్శనానికైతే ఆ రోజుల్లోనే రండి, పొద్దున్నే. కోట చూడాలంటే మిగతా రోజులే నయం: ఇరుకు మెట్ల మీద బోనమెత్తుకున్న ఆడవాళ్లకు దారివ్వాలి, ఆగి చూసే వీలుండదు.

పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. గుంపులో సిగ్నల్ మీద భరోసా పెట్టుకోలేం.

మనిషికి లీటరు నీళ్లు కిందే కొనుక్కోండి. పైదాకా సుమారు 380 మెట్లు.

గుడి దగ్గర చెప్పులు విప్పాలి. వాటికో సంచి ఉంచుకోండి.

దిగేటప్పుడే మోకాళ్లకు భారం. పెద్దవాళ్లుంటే వెలుతురుండగానే బయల్దేరండి.