పుట్టుమచ్చ తీయించుకునే ముందు

పెళ్లి దగ్గర పడిందనో, ఫొటోల్లో బాగా లేదనో తొందరపడకండి. ముందు డెర్మటాలజిస్టుకు, అంటే చర్మ డాక్టరుకు చూపించండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ చర్మ విభాగాలున్నాయి. పార్లర్‌లో కాల్పించుకోవడం, ఇంట్లో సున్నం పూయడం వద్దే వద్దు. చర్మం కాలి పుండు పడుతుంది, అసలు మచ్చ కంటే పెద్ద మరక మిగులుతుంది.

– మచ్చను మంచి వెలుతురులో చూడండి. రెండు సగాలు ఒకేలా లేకపోయినా, అంచులు వంకరగా ఉన్నా, రంగులు కలిసి ఉన్నా, 6 మిల్లీమీటర్లు దాటినా, ఈమధ్య పెరిగినా, రక్తం కారినా డాక్టరుకు తప్పక చెప్పండి. అరికాళ్లు, గోళ్ల కింద కూడా చూడండి. మనవాళ్లలో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అరుదే, కానీ వస్తే అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

– అనుమానం ఉన్న మచ్చకు లేజర్ వద్దు. లేజర్ కణాలను కాల్చేస్తుంది, బయాప్సీకి, అంటే క్యాన్సరా కాదా అని ల్యాబ్‌లో పరీక్షించడానికి ఏమీ మిగలదు. కోసి తీసి ల్యాబ్‌కు పంపమని అడగండి. రిపోర్టు దాచుకోండి.

– షుగర్, రక్తం పలచబడే మాత్రలు, మత్తు ఇంజెక్షన్ పడకపోవడం, పాత గాయాలు ఉబ్బెత్తుగా మానడం: ఇవన్నీ ముందే చెప్పండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

– తీశాక పొక్కు గిల్లొద్దు. హైదరాబాద్ ఎండలో బండి మీద తిరిగేవాళ్లు గాయాన్ని కప్పుకోండి, మానాక సన్‌స్క్రీన్ రాయండి. లేదంటే అక్కడ నల్లబడుతుంది. చీము, జ్వరం వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.