మెయిల్ సర్వర్ బ్యాకప్‌ను రీస్టోర్ చేసి చూసేటప్పుడు వచ్చే సమస్యలు - పరిష్కారాలు

బ్యాకప్ అక్కరకు వస్తుందో రాదో తెలియాలంటే దాన్ని వేరే మెషీన్ మీద ఒకసారి రీస్టోర్ చేసి చూడవలసిందే. అయితే అలా లేచిన మెషీన్‌కు తాను నకలునన్న సంగతి తెలియదు. అసలు సర్వర్ పేరు, పాస్‌వర్డులు, క్రాన్ పనులు (నిర్ణీత సమయాలకు వాటంతటవే నడిచేవి) అన్నీ దాని దగ్గర ఉంటాయి కనుక, అసలు సర్వర్ చేసే పనులన్నిటినీ అది కూడా మొదలుపెడుతుంది. లైవ్ డేటాకు నష్టం జరిగితే అది సాధారణంగా మెషీన్ ఆన్ చేసిన మొదటి నిమిషాల్లోనే జరుగుతుంది.

సమస్య: ఎప్పుడో చేరిన మెయిళ్లు బయటివారికి మళ్లీ వెళుతున్నాయి

బ్యాకప్ తీసిన సమయానికి పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్లను పంపే, అందుకునే సర్వర్ ప్రోగ్రామ్) క్యూలో బట్వాడా కాకుండా మిగిలిన మెయిళ్లు కూడా నకలులోకి వచ్చాయని దీని అర్థం. అసలు సర్వర్ ఆ తర్వాత వాటిని పంపేసింది. నకలుకు ఆ విషయం తెలియదు కనుక మళ్లీ పంపుతుంది. సెలవు సందేశాల వంటి ఆటోమేటిక్ జవాబులదీ ఇదే దారి.

వర్చువల్ మెషీన్‌ను ఆన్ చేయకముందే దాని నెట్‌వర్క్ కార్డును బయటకు దారిలేని ప్రత్యేక నెట్‌వర్క్‌కు మార్చాలి. ఫైర్‌వాల్‌లో 25వ పోర్టును (సర్వర్ల మధ్య మెయిళ్లు వెళ్లే దారిని) మాత్రమే మూసి ఊరుకోవడం చాలామంది చేసే పొరపాటు. మెయిళ్లు వేరే రిలే (మెయిళ్లను ముందుకు పంపే మధ్యవర్తి సర్వర్) ద్వారా వెళ్లే ఏర్పాటు ఉంటే అవి 587 లేదా 465 పోర్టు గుండా నిక్షేపంగా వెళ్లిపోతాయి. నెట్‌వర్క్‌ను విడదీసిన తర్వాత కూడా, పోస్ట్‌ఫిక్స్‌ను స్టార్ట్ చేయకముందే రెండు పనులు చేయాలి. బ్యాకప్ నుంచి వచ్చిన క్యూ ఫైళ్ల పేర్లు కొత్త డిస్కులోని ఐనోడ్ నంబర్లతో (ఫైళ్లకు డిస్కులో ఉండే గుర్తింపు సంఖ్యలతో) సరిపోవు కనుక, ముందు పోస్ట్‌సూపర్ కమాండును ఎస్ ఆప్షన్‌తో నడిపి వాటిని సరిచేయాలి. తర్వాత అదే కమాండును హెచ్ ఆప్షన్‌తో నడిపి క్యూ మొత్తాన్ని హోల్డ్‌లో పెట్టాలి. మెయిల్‌క్యూ జాబితాలో ప్రతి క్యూ ఐడీ పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు కనిపిస్తే అన్నీ ఆగినట్టే. నక్షత్రం గుర్తు కనిపిస్తే మాత్రం ఆ మెయిల్ యాక్టివ్ క్యూలో, అంటే బట్వాడా వరుసలో, ఉన్నట్టు.

సమస్య: లైవ్ సర్వర్‌లోకి రావలసిన కొత్త మెయిళ్లు కొన్ని కనిపించడం లేదు

ఇది మొదటిదాని కన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఎవరికీ ఎర్రర్ రాదు. బయటి పాప్3 (మెయిళ్లను దించుకునే ఒక పద్ధతి) ఖాతాల నుంచి ఫెచ్‌మెయిల్ ద్వారా మెయిళ్లు తెచ్చుకునే ఏర్పాటు ఉంటే, ఫెచ్‌మెయిల్ తెచ్చుకున్న మెయిల్‌ను అక్కడ చెరిపేయడం దాని సహజ అలవాటు. నకలు ముందుగా వెళ్లి తెచ్చుకుంటే అసలు సర్వర్‌కు ఏమీ మిగలదు. అలా పోయిన మెయిళ్లు టెస్ట్ మెషీన్ మెయిల్‌బాక్సుల్లోనే ఉంటాయి కనుక, కంగారులో దాన్ని డిలీట్ చేయకుండా ముందు నెట్‌వర్క్ తీసి, ఆ మెయిళ్లను కాపీ చేసుకోవాలి.

ఇలాంటివే మరో మూడు దారులున్నాయి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (మెషీన్ లేచేటప్పుడు కలపవలసిన డిస్కుల జాబితాలో) రాసి ఉన్న నెట్‌వర్క్ స్టోరేజీ మౌంట్ అయితే టెస్ట్ మెషీన్ నేరుగా లైవ్ మెయిళ్లనే తెరుస్తుంది. యూజర్ల డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉంటే, టెస్ట్ వెబ్‌మెయిల్‌లో మార్చిన పాస్‌వర్డు అసలు ఖాతాకే మారుతుంది. రాత్రి నడిచే బ్యాకప్ పని నకలులోనూ లేస్తే, పాత డేటాను తెచ్చి మంచి బ్యాకప్ మీదే రాసేయవచ్చు. అందుకే నకలును మొదటిసారి రెస్క్యూ మోడ్‌లో (మామూలు సేవలు మొదలుకాని స్థితిలో) లేపి, క్రాన్‌ను ఆపి, సెట్టింగుల ఫైళ్లన్నిటిలో లైవ్ సర్వర్ల పేర్లను, ఐపీ చిరునామాలను వెతికి మార్చడం తప్పనిసరి.

సమస్య: మెయిల్‌బాక్స్ తెరుచుకుంటోంది గాని ఖాళీగా ఉంది, లేదా అన్నీ చదవనివిగా కనిపిస్తున్నాయి

ఖాళీగా ఉంటే ముందు ఫైళ్ల ఓనర్‌ను చూడండి. రెండు మెషీన్లలో యూజర్ నంబర్లు వేరైతే డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులను యూజర్లకు అందించే ప్రోగ్రామ్) ఆ ఫోల్డర్లను చదవలేదు. ఓనర్‌ను సరిచేస్తే సరిపోతుంది. అన్నీ చదవనివిగా కనిపించడానికి కారణం ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఫైలుగా దాచే మెయిల్‌డిర్ పద్ధతిలో దొరుకుతుంది. అందులో మెయిల్ స్థితి ఫైలు పేరులోనే ఉంటుంది: పేరు చివర కోలన్, 2, కామా తర్వాత ఎస్ అక్షరం ఉంటే చదివినట్టు, ఆర్ ఉంటే జవాబిచ్చినట్టు. పేరులో కోలన్‌ను అనుమతించని డిస్కు మీదుగా కాపీ చేస్తే ఆ తోక మారిపోతుంది. మెయిళ్లను టార్ ఫైలుగా కట్టి తరలిస్తే ఈ బాధ ఉండదు.

డవ్‌కాట్ యూఐడీ (ప్రతి మెయిల్‌కు ఇచ్చే సంఖ్య) జాబితా ఫైలును క్యాష్ అనుకుని బ్యాకప్ నుంచి తప్పిస్తే, యూఐడీ వ్యాలిడిటీ సంఖ్య (పాత యూఐడీలు ఇంకా చెల్లుతాయో లేదో చెప్పేది) మారి, మెయిల్ ప్రోగ్రాములు తమ దగ్గరున్న కాపీని పారేసి మెయిల్‌బాక్స్ మొత్తాన్ని మళ్లీ దించుకుంటాయి. కాబట్టి పరీక్షకు ఎప్పుడూ కొత్త ప్రొఫైల్‌నే వాడండి.

సమస్య: ఎక్స్చేంజ్ డేటాబేస్ మౌంట్ కావడం లేదు

ఎక్స్చేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) డేటాబేస్‌ను పరీక్షించే ఈఎస్ఈయూటిల్ కమాండును ఎంహెచ్ ఆప్షన్‌తో నడిపితే స్థితి ‘డర్టీ షట్‌డౌన్’ (డేటాబేస్ సరిగా మూతపడలేదు) అని చూపిస్తుంది. కావలసిన లాగ్ ఫైళ్ల వరుస కూడా అక్కడే కనిపిస్తుంది. వాటిని బ్యాకప్ నుంచి తెచ్చి ఆర్ ఆప్షన్‌తో రికవరీ చేయాలి. పీ ఆప్షన్ డేటాను కోసేసి రిపేర్ చేస్తుంది కనుక పరీక్షలో దాన్ని వాడవలసి వచ్చిందంటే బ్యాకప్ విఫలమైనట్టే లెక్క. రీస్టోర్‌ను మామూలు డేటాబేస్‌గా కాకుండా రికవరీ డేటాబేస్‌గా చేయాలి. దానికి యూజర్లు కనెక్ట్ కాలేరు, మెయిళ్లు రావు, పోవు.

సమస్య: మెయిళ్ల లెక్క కొద్దిగా తగ్గుతోంది

సర్వర్ నడుస్తుండగా నేరుగా కాపీ చేస్తే ఇలా జరుగుతుంది. కొత్త మెయిల్ ‘న్యూ’ ఫోల్డర్ నుంచి ‘కర్’ ఫోల్డర్‌కు మారే క్షణంలో ఆర్‌సింక్ (ఫైళ్లను కాపీ చేసే ప్రోగ్రామ్) దాన్ని వదిలేస్తుంది. లాగ్‌లో 24వ నంబరు ఎగ్జిట్ కోడ్ (కాపీ అయ్యేలోపు కొన్ని ఫైళ్లు మాయమయ్యాయని అర్థం) కనిపిస్తే అనుమానించాలి. డిస్కు స్నాప్‌షాట్ (ఒక్క క్షణంలోని స్థితి నకలు) తీసి దాని నుంచి బ్యాకప్ చేయడమే దీనికి మందు. లెక్క సరిపోయినా అక్కడితో ఆగకుండా, పెద్ద అటాచ్‌మెంట్ ఉన్న పాత మెయిల్ ఒకటి తీసుకుని, ఆ అటాచ్‌మెంట్ షా-256 విలువను (ఫైలు నుంచి లెక్కగట్టే, వేలిముద్ర వంటి విలువను) రెండు వైపులా పోల్చి చూడండి.

పని పూర్తయ్యాక హోల్డ్‌లో ఉన్న క్యూను విడుదల చేయవద్దు. నకలులో ఉన్నవి మనుషుల నిజమైన ఉత్తరాలు కనుక, ఫలితాలు రాసుకున్న వెంటనే ఆ డిస్కును, దాని స్నాప్‌షాట్లతో సహా, పూర్తిగా చెరిపేయండి.